పెట్టె ఎంపిక మన చేతికి రావాలి

మామిడి సీజన్ ముంగిట్లోకి వచ్చింది. నూజివీడు, తిరువూరు, ఉలవపాడు, జగిత్యాల, కొల్లాపూర్ తోటల్లో రైతులు కాయల లెక్క చూసుకుంటున్నారు. మదనపల్లె వైపు వేసవి టమాట చేతికి రాబోతోంది. కృష్ణా, ఏలూరు, పశ్చిమగోదావరి జిల్లాల్లో చేపల, రొయ్యల పట్టుబడులు సాగుతూనే ఉన్నాయి. ఏటా ఈ రోజుల్లో మనం మాట్లాడుకునేది ధర గురించే. ఈ ఏడు ఎంత పలుకుతుంది? వ్యాపారులు కూడబలుక్కుంటారా? గిట్టుబాటు వస్తుందా? ఇవన్నీ మాట్లాడుకోవాల్సినవే. అయితే ఈ నెల సంపాదకీయంలో చిన్నదిగా కనిపించే ఒక పెద్ద విషయం ముందు పెడుతున్నాం. అది మన సరుకు ప్రయాణం చేసే పెట్టె.

చెట్టు మీద ఉన్నప్పుడు మొదటి రకం అనిపించుకున్న కాయ, మార్కెట్ యార్డులో దిగేసరికి మూడో రకం ఎలా అవుతోంది? చెరువు గట్టు మీద గట్టిగా ఉన్న రొయ్య, కంపెనీ గేటు దగ్గరికి పోయేసరికి మెత్తబడిందని ఎందుకు అంటున్నారు? వేలంలో చెప్పిన ధర ఒకటి, చిట్టీలో చేతికొచ్చేది ఒకటి. మధ్యలో తేడాకు తరుగు అని, సూటు అని, డాగు అని ఊరికో పేరు. ఆ కోతలో కొంత దోపిడీ ఉంది. దాని మీద మన పోరాటం ఎప్పుడూ ఉన్నదే. కొంత మాత్రం నిజంగా దారిలో ఎండకు, వేడికి, ఒత్తిడికి పోయిన సరుకు. ఆ నష్టాన్ని ఆపడానికి ఏ పెట్టె వాడాలి, ఎంత ఐసు వేయాలి అన్నది ఎవరు తీర్మానిస్తున్నారు? కొనేవాడు. నష్టం ఎవరు మోస్తున్నారు? అమ్మేవాడు. ఈ లెక్క మారాలంటే ముందు పెట్టె సంగతి మనకు తెలియాలి.

కోసినా పంటకు ప్రాణం ఉంటుంది

కోసిన కాయ చచ్చిపోయిన వస్తువు కాదు. అది ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఊపిరి పీల్చేటప్పుడు తనలోని చక్కెరను ఖర్చు చేసుకుంటుంది, వేడిని బయటకు వదులుతుంది. చుట్టూ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ ఊపిరి వేగం సుమారు రెండు నుంచి మూడింతలు అవుతుంది. అంటే 30 డిగ్రీల నీడలో రెండు మూడు గంటల్లో కాయ ఎంత అలసిపోతుందో, 40 డిగ్రీల ఎండలో ఒక్క గంటలో అంత అలసిపోతుంది. మే నెలలో మధ్యాహ్నం వరకు ట్రాక్టర్ ట్రక్కులో పోగుపోసి ఉంచిన మామిడి, అక్కడే రెండు రోజుల ఆయుష్షు పోగొట్టుకుంటే ఆశ్చర్యం లేదు.

పోగులో అడుగున ఉన్న కాయ సంగతి ఇంకా కష్టం. దానికి గాలి ఆడదు, తన వేడి తన మీదే ఉంటుంది. పైగా మీదున్న బరువంతా అదే మోస్తుంది. గోనె సంచీలో కుక్కిన కూరగాయ పరిస్థితీ ఇదే. అందుకే మంచి పెట్టె అంటే మూడు పనులు చేయాలి. బరువు సరుకు మీద పడకుండా తాను మోయాలి. లోపలి వేడిని బయటికి పోనివ్వాలి, లేదా బయటి వేడిని లోపలికి రానివ్వకూడదు. దారిలో తడికీ కుదుపుకీ కూలిపోకుండా నిలవాలి.

ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. "లోపలి వేడిని పంపాలి", "బయటి వేడిని ఆపాలి" అన్నవి రెండూ ఎదురెదురు పనులు. గాలి రంధ్రాలున్న క్రేటు మొదటి పని చేస్తుంది. థర్మాకోల్ పెట్టె రెండో పని చేస్తుంది. ఏ సరుకుకు ఏది కావాలో తెలుసుకోకుండా ఖరీదైనదే మంచిదనుకుంటే డబ్బూ పోతుంది, సరుకూ పోతుంది.

పెట్టె చలిని పుట్టించదు

థర్మాకోల్‌లో సుమారు 98 శాతం గాలే. ఆ గాలి చిన్న చిన్న గదుల్లో బందీ అయి ఉంటుంది కాబట్టి వేడి అటూ ఇటూ కదలలేదు. దాని గొప్పతనం అంతే. అది చలిని తయారు చేయదు. లోపల ఏది పెడితే దాన్నే కాపాడుతుంది. చల్లని సరుకు పెడితే చల్లగా ఉంచుతుంది. ఎండలో కోసిన వేడి కాయలు పెట్టి మూత బిగిస్తే ఆ వేడినే భద్రంగా ఉంచుతుంది. కాయ వదిలే వేడి కూడా దానికి తోడవుతుంది. హైదరాబాద్‌లో ఉన్న బంధువులకు ఇలా పెట్టెలో బిగించి పంపితే తెరిచేసరికి ఉడికిన వాసన వచ్చేది అందుకే.

కాబట్టి మొదటి మెట్టు పెట్టె కాదు, తోటలోనే వేడి తీయడం. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరక ముందే కోత ముగించాలి. కోసిన కాయను వెంటనే చెట్టు నీడకో, పందిరి కిందకో చేర్చాలి. మామిడిని తొడిమతో కోసి, తర్వాత తొడిమ విరిచి బోర్లా పెట్టి జీడి కారనిచ్చి, శుభ్రమైన చల్లటి నీటిలో కడిగి ఆరబెడితే వేడి కొంత దిగుతుంది, జీడి మచ్చలూ పడవు. ఊళ్లో కరెంటుతో పనిలేని చల్లగదిని కూడా కట్టుకోవచ్చు. రెండు వరసల ఇటుక గోడ కట్టి, మధ్యలో ఇసుక నింపి, దాన్ని తడుపుతూ ఉంటే సరి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ ఎప్పుడో రూపొందించిన పద్ధతి ఇది. వేసవిలో, గాలి పొడిగా ఉన్నచోట, లోపల బయటికన్నా 10 నుంచి 15 డిగ్రీలు తక్కువ ఉంటుంది. ఆకుకూరలు, కూరగాయలు లారీ వచ్చేదాకా వాడిపోకుండా ఉండటానికి ఇది చాలు.

ఏ సరుకుకు ఏ పెట్టె

అన్నిటికీ ఒకటే చలి పనికిరాదు. ద్రాక్షను సున్నా డిగ్రీల దగ్గర ఉంచినా తట్టుకుంటుంది. పచ్చి మామిడి కాయను 12 డిగ్రీలకన్నా కిందికి తీసుకెళ్తే తోలు నల్లబడుతుంది, తర్వాత సరిగా మాగదు. అరటికి 13 డిగ్రీలు హద్దు. పచ్చిగా ఉన్న టమాట కూడా 12 డిగ్రీల కింద ఎక్కువ రోజులుంటే రంగు తిరగదు. చల్లగా ఉంచితే చాలు అనుకొని గడ్డకట్టిన జెల్ ప్యాకులను నేరుగా మామిడి మీద పెడితే, ఆనిన చోటల్లా నల్లమచ్చ పడుతుంది. మధ్యలో మందపాటి అట్టో, కాగితపు పొరో ఉండాలి.

టమాటకు, మార్కెట్ యార్డుకు పోయే మామిడికి గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ క్రేటే సరైనది. అది ఒకదాని మీద ఒకటి పెట్టినా బరువు క్రేటు అంచులే మోస్తాయి. అయితే ఒక షరతు ఉంది. అంచుకు పైన శిఖరంలా నింపకూడదు. నింపితే పై క్రేటు కాయ మీదే కూర్చుంటుంది, క్రేటు కొన్న ఖర్చు దండగ. శిఖరం కావాలని పట్టుబట్టేది కొనేవాళ్లు. ఆ శిఖరంలో ఉన్న సరుకుకు మనకు ధర రాదు, దాని బరువుకు కింద నలిగిన సరుకుకు మళ్లీ మన దగ్గరే తరుగు కోస్తారు. రెండువైపులా దెబ్బ తినేది మనమే.

క్రేటును కడగకుండా తిప్పితే ఒక తోట కుళ్లు ఇంకో తోటకు పోతుంది. 100 లీటర్ల నీటిలో 50 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కలిపి, ముందు మట్టి కడిగిన క్రేటును అందులో ముంచి, నీడలో ఆరబెట్టుకోవాలి. అడుగున గరుకు ఉంటే మెత్తటి అట్ట పరవాలి. పాత వార్తాపత్రికల్లో కాయలు చుట్టే అలవాటు మానుకోవాలి. ఆ సిరాలో ఒంటికి చేటు చేసే పదార్థాలుంటాయని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఏనాడో హెచ్చరించింది. అచ్చు లేని తెల్ల కాగితం, ఎండిన వరిగడ్డి మేలు.

దూర ప్రాంతాలకు, నేరుగా వినియోగదారుడికి పంపే మామిడికి అట్టపెట్టె కావాలి. పెట్టె కొనేటప్పుడు బొమ్మ చూసి కొనకండి, పొరలు లెక్కపెట్టండి. మూడు పొరల అట్ట చిన్న పార్శిల్‌కు సరిపోతుంది. లారీలో ఎత్తుగా పేర్చాల్సిన పది కిలోల పెట్టెకు ఐదు పొరలు ఉండాలి. పక్క గోడల వైశాల్యంలో సుమారు 5 శాతం గాలి రంధ్రాలు చాలు. ఎక్కువైతే పెట్టె బలం తగ్గుతుంది. పెట్టె బరువులో ఎక్కువ భాగం మోసేది దాని నాలుగు మూలలు. అందుకే మూల మీద మూల వచ్చేలా, రంధ్రం ఎదురుగా రంధ్రం వచ్చేలా పేర్చాలి. ఇటుక గోడలా అడ్డంగా పేరిస్తే చూడటానికి గట్టిగా ఉంటుంది, అడుగు పెట్టెలు మాత్రం కుంగిపోతాయి. అట్టకు తేమ శత్రువు. గాలిలో తేమ 90 శాతం దాటితే పెట్టె తన బలంలో సగానికి పైగా పోగొట్టుకుంటుంది. వాన మొదలయ్యాక పంపే సరుకుకు ఈ సంగతి మరవొద్దు.

ఇంకో మాట. మాగిన మామిడి, అరటి విడుదల చేసే ఇథిలిన్ వాయువు పక్కనున్న పూలను వాడగొడుతుంది, ఆకుకూరలను పసుపు చేస్తుంది. ఒకే బండిలో పంపేటప్పుడు వీటిని కలపకూడదు. పెట్టెలో పొట్లం పెట్టి కాయ మాగించే వాళ్లు కార్బైడ్ వాడితే అది నేరం. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దాన్ని నిషేధించాయి. ఇథిలిన్ వాయువును గదిలో హద్దు మేరకు వాడటానికి అనుమతి ఉంది. మన తోట పేరున్న పెట్టెలో ఎవరో కార్బైడ్ పొట్లం పెడితే పోయేది మన పేరు. అందుకే మాగించే పని ఎవరి గదిలో, ఎలా జరుగుతుందో అడిగి తెలుసుకునే హక్కు మనకుంది.

ఐసు దగ్గర కక్కుర్తి పడితే

చేప, రొయ్యల లెక్క వేరు. వీటికి సున్నా డిగ్రీల దగ్గర ఉండటమే కావాలి. ఇక్కడ థర్మాకోల్ లేదా మందపాటి గోడలున్న ఇన్సులేటెడ్ పెట్టె, సరిపడా ఐసు రెండూ కలిసి పనిచేయాలి.

ఐసు ఎంత కావాలి? 30 డిగ్రీల వేడిలో చెరువు నుంచి తీసిన వెయ్యి కిలోల చేపను సున్నాకు దించడానికే దాదాపు మూడో వంతు, అంటే 330 కిలోల పైచిలుకు ఐసు కరిగిపోతుంది. ఇది చల్లబరచడానికి అయ్యే ఖర్చు మాత్రమే. దారిలో బయటి వేడిని తట్టుకునే ఐసు దీనికి అదనం. "సగం ఐసు చాల్లే" అని 500 కిలోలు వేస్తే, ప్రయాణానికి మిగిలేది 170 కిలోలే. అందుకే మన లాంటి వేడి ప్రాంతంలో కిలో సరుకుకు కిలో ఐసు అన్న పద్ధతి వచ్చింది. దిమ్మలను పెద్ద ముక్కలుగా కాకుండా పొడిగా కొట్టి వేయాలి. పెద్ద ముక్క సరుకుకు పూర్తిగా ఆనదు, పైగా గుచ్చుకుంటుంది. అడుగున ఒక పొర ఐసు, సరుకు, మళ్లీ ఐసు, చివర పైన మందంగా ఐసు. కరిగిన నీరు బయటకు పోయే దారి ఉండాలి. ఆ మురికి నీటిలో నానిన చేప త్వరగా చెడుతుంది.

రొయ్యను పట్టిన వెంటనే ఐసు నీటిలో వేయాలన్నది రైతులందరికీ తెలుసు. తేడా వచ్చేది కాటా దగ్గర ఆలస్యంలో. కొనేవారి లారీ ఆలస్యమైతే, ట్రేలలో గట్టు మీదే ఎండలో ఉంటే, మెత్తబడిందని కౌంటు ధరలో కోత పెడతారు. లారీ ఆలస్యం ఎవరిది? కోత ఎవరికి? పట్టుబడి ఒప్పుకునేటప్పుడే లారీ వచ్చే సమయం, పెట్టెలు, ఐసు ఎవరు తేవాలి, ఆలస్యమైతే నష్టం ఎవరిది అన్నవి ఒక కాగితం మీద రాయించుకోవాలి. ఇద్దరు సాక్షుల సంతకాలతో ఉంటే ఆ కాగితమే రేపు మన బలం.

ఐసు తక్కువైతే దాని నష్టం ఒక లారీతో ఆగదని మనకు అనుభవం చెప్పింది. 2018 జూలైలో చేపల్లో ఫార్మలిన్ ఉందని తేలిందంటూ అస్సాం ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే చేపలను పది రోజులు నిషేధించింది. ఐసు ఖర్చు తగ్గించుకోవడానికి మందు కలిపేవాడు చెరువు రైతు కాడు. అయినా ఆ పది రోజుల దెబ్బ మన చెరువు గట్ల మీదే పడింది. నిజాయితీగా పెంచిన రైతు చేపకూ అనుమానపు చూపు తగిలింది. మన సరుకు పెట్టెలో ఏముంది, ఎంత ఐసు ఉంది అన్నది బయటి రాష్ట్రం బజారు దాకా మన పరువుతో ముడిపడిన సంగతి.

మన ఇంటికి వచ్చే పెట్టెలు

వేడికి చెడిపోయే సరుకు మన నుంచి పోయేదే కాదు, మన దగ్గరికి వచ్చేది కూడా ఉంది. పశువుల టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గాలికుంటు టీకా వేడెక్కినా చెడుతుంది, గడ్డకట్టినా చెడుతుంది. టీకా వేసే రోజున పెట్టెలో ఐసు ఉందా, సీసా నేరుగా గడ్డకట్టిన ప్యాకుకు ఆని ఉందా అన్నది చూడండి. ఐసు లేకుండా సంచిలో తెచ్చిన టీకాను వేయించుకోకండి. మర్యాదగా అడగండి, సరైన పెట్టెతో మళ్లీ రమ్మనండి. పశువు మనది, అడిగే హక్కూ మనదే.

ఖర్చు లెక్క ఎలా వేయాలి

పెట్టె ఎంపికలో రైతు అడుక్కోవాల్సిన ప్రశ్నలు ఐదు. సరుకు ఎన్ని గంటలు దారిలో ఉంటుంది? దానికి ఎంత చలి కావాలి, ఎంత చలి పనికిరాదు? ఎన్ని వరసలు పేరుస్తారు? ఖాళీ పెట్టె తిరిగి వస్తుందా? కిలోకు ఖర్చు ఎంత పడుతుంది?

చివరి ప్రశ్నకు ఒక ఉదాహరణ చూద్దాం. అంకెలు లెక్క కోసం మాత్రమే, మీ ఊరి ధర వేసుకుని చూసుకోండి. 20 కిలోలు పట్టే క్రేటు 400 రూపాయలనుకుందాం. 80 సార్లు తిరిగితే ఒక్కో ప్రయాణానికి 5 రూపాయలు. కడగడానికి, ఖాళీ క్రేటు తిరిగి తేవడానికి ఇంకో 5 రూపాయలు వేసుకుందాం. మొత్తం 10 రూపాయలు, కిలోకు 50 పైసలు. 10 కిలోల అట్టపెట్టె 60 రూపాయలైతే కిలోకు 6 రూపాయలు, అదీ ఒక్కసారికే. 20 కిలోల థర్మాకోల్ పెట్టె 250 అయితే కిలోకు పన్నెండున్నర రూపాయలు.

ఇప్పుడు యార్డులో మామిడి కిలో 20 రూపాయలు పలుకుతోందనుకోండి. క్రేటు వల్ల వందకు రెండున్నర కిలోల నష్టం తగ్గితే దాని ఖర్చు దానికి సరిపోతుంది, ఆపైన తగ్గినదంతా లాభం. అదే యార్డుకు అట్టపెట్టెలో పంపితే ధరలో 30 శాతం పెట్టెకే పోతుంది. అది దండగ. కానీ ఆర్టీసీ కార్గోలో నేరుగా పట్నం వినియోగదారుడికి కిలో 80 రూపాయలకు అమ్మే కాయకు 6 రూపాయల పెట్టె బరువు కాదు, అవసరం. క్రేటు లాభం కూడా అది తిరిగి వస్తేనే. రెండు ప్రయాణాలకే పోయిందంటే కిలోకు 10 రూపాయలకు పైగా పడినట్టే. అందుకే క్రేటు మీద రంగుతో సంఘం గుర్తు వేసి, నంబరు రాసి, ఇచ్చినవి వచ్చినవి పుస్తకంలో ఎక్కించాలి.

ఖరీదు లేని జాగ్రత్తలు కూడా ఉన్నాయి. నల్ల పట్టాకు బదులు లేత రంగు పట్టా కప్పడం, పట్టాకూ సరుకుకూ మధ్య జానెడు ఖాళీ వదలడం, రాత్రి ప్రయాణం పెట్టుకోవడం, యార్డులో నీడ దొరికే చోట బండి నిలపడం. పైసా ఖర్చు లేకుండా సగం గండం గట్టెక్కించేవి ఇవే.

ఆపిల్ రైతుల నుంచి నేర్చుకోవాల్సింది

పెట్టె కోసం కూడా పోరాటం చేస్తారా అని కొందరు నవ్వవచ్చు. హిమాచల్ ప్రదేశ్ ఆపిల్ రైతులు చేశారు. అక్కడ వాడే అట్టపెట్టె లోపలి భాగం, పై భాగం ఒకదానిలో ఒకటి జారేలా ఉండేది. ఎత్తు పెంచుతూ పోయి 20 కిలోల పెట్టెలో 30 కిలోల దాకా నింపించుకుని, ఒక పెట్టె ధరే ఇచ్చేవారు. మన టమాట క్రేటు మీది శిఖరం లాంటిదే ఆ దోపిడీ. దానికి తోడు అట్టపెట్టెల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. 2022 ఆగస్టులో తోటల రైతులు రైతు సంఘాల ఉమ్మడి వేదికగా సిమ్లాలో సచివాలయం ముందుకు వచ్చారు. పెట్టెల ధరలు వాళ్ల డిమాండ్లలో ముఖ్యమైనవి. 2024 సీజన్ నుంచి అక్కడ సాగదీయడానికి వీల్లేని, ఒకే కొలత ఉన్న పెట్టెను తప్పనిసరి చేశారు. అదే ఏడాది జూన్‌లో జీఎస్టీ మండలి అట్టపెట్టెల పన్నును 12 శాతానికి దించాలని నిర్ణయించింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 5 శాతమైంది.

ఈ తగ్గింపు మన మామిడి, అరటి, దానిమ్మ రైతులకూ వర్తిస్తుంది. పెట్టెలు కొనేటప్పుడు బిల్లు అడిగి తీసుకోండి, పన్ను ఎంత వేశారో చూడండి. పన్ను తగ్గినా పెట్టె ధర తగ్గలేదంటే ఆ తేడా ఎవరి జేబులోకి పోయిందో అడగండి.

ప్రభుత్వం చేయాల్సినవి

పథకాలు కాగితం మీద లేవని కాదు. ఉద్యాన సమీకృత అభివృద్ధి మిషన్ కింద తోటలోనే కాయ శుభ్రం చేసి, గ్రేడు చేసి, పెట్టెల్లో నింపుకునే ప్యాక్‌హౌస్‌కు సగం ఖర్చు రాయితీగా ఇచ్చే ఏర్పాటు ఉంది. 2020లో వచ్చిన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద 2 కోట్ల దాకా రుణానికి ఏడేళ్ల పాటు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. అదే ఏడాది సెప్టెంబర్ 9న అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శనగర్‌కు కిసాన్ రైలు బయలుదేరింది. టమాట, అరటి, బత్తాయి, బొప్పాయి వేసుకుని వెళ్లింది. పండ్లు, కూరగాయల రవాణా ఛార్జీలో సగం రాయితీ కూడా ఇచ్చారు. జెండా ఊపిన రోజున ఉన్న హడావిడి ప్రతి సీజన్‌లో నిలకడగా ఉంటేనే రైతుకు ఉపయోగం. రుణానికి పూచీకత్తు చూపలేని చిన్న రైతుకు, భూమి కాగితం లేని కౌలు రైతుకు ఈ పథకాల గడప తొక్కడమే గగనం. పంట పండించేది కౌలు రైతు, రాయితీ పేరు భూమి యజమానిది. ఇది మారాలి.

అందుకే మేము ఈ డిమాండ్లు ముందుంచుతున్నాం.

ఒకటి, ప్రతి మార్కెట్ యార్డు సెస్సు సొమ్ముతో క్రేట్లు కొని, తక్కువ అద్దెకు రైతుకు ఇవ్వాలి. ఆధార్, పంట నమోదు ఉంటే చాలు, కౌలు రైతుకూ ఇవ్వాలి.

రెండు, క్రేటు ఇంత బరువుకే అని యార్డు గేటు దగ్గర బోర్డు పెట్టాలి. అంచు దాటి నింపమనే వాళ్ల మీద, కాటా బరువుకు కాక క్రేటు లెక్కన కొనే వాళ్ల మీద చర్య తీసుకోవాలి.

మూడు, తరుగు పేరిట కోత పూర్తిగా రద్దు చేయాలి. సరుకు చెడితే ఎక్కడ చెడింది, ఎవరి ఆలస్యం వల్ల చెడింది తేల్చాకే మాట్లాడాలి.

నాలుగు, యార్డుల్లో నీడ షెడ్లు, మంచి నీరు, రాత్రిపూట కాటా ఉండాలి. చెరువుల ప్రాంతంలో సీజన్‌లో ఐసు ఫ్యాక్టరీలకు కరెంటు కోత ఉండకూడదు.

ఐదు, పండ్లకు, కూరగాయలకు రైలు సౌకర్యం, రవాణా రాయితీ సీజన్ మొదలవక ముందే ప్రకటించాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఎవరికీ లాభం లేదు.

సంఘం చేయాల్సినవి

డిమాండ్ పత్రం ఇచ్చి కూర్చుంటే పని జరగదు. ఈ సీజన్‌లో మన గ్రామ శాఖలు చేయగలిగినవి ఉన్నాయి. పది మంది రైతులు కలిసి క్రేట్లు కొంటే ధర తగ్గుతుంది, వాటిని వంతులవారీగా తిప్పుకోవచ్చు. ఎకరం తోట ఉన్న రైతు వంద క్రేట్లు కొనలేడు, వంద మంది తలా పది వేసుకుంటే వెయ్యి అవుతాయి. ఊరికొక నీడ పందిరి, ఒక చల్లగది కట్టుకుందాం. ప్రతి శాఖ ఒక నోటు పుస్తకం పెట్టి, ఏ రోజు ఎన్ని క్రేట్లు పోయాయి, ఎన్ని గంటలకు దిగాయి, ఎంత తరుగు కోశారు అన్నది రాయాలి. సంచుల్లో పోయిన సరుకుకు ఎంత, క్రేట్లలో పోయినదానికి ఎంత అని పక్కపక్కన రాస్తే సీజన్ చివరికి ఆ పుస్తకమే అధికారుల ముందు మన సాక్ష్యం. నోటి మాటకు "చూద్దాం" అంటారు, రాసిన లెక్కకు జవాబు చెప్పక తప్పదు.

ఆడవాళ్ల మాట కూడా ఇక్కడ చెప్పాలి. కాయ గ్రేడు చేసేది, పెట్టెలో పేర్చేది, కాగితం చుట్టేది ఎక్కువగా మహిళా కూలీలే. ఏ కాయ దారి తట్టుకుంటుందో, ఏది తట్టుకోదో చేతితో పట్టుకుని చెప్పగలరు వాళ్లు. నీడ, తాగునీరు, న్యాయమైన కూలి ఇచ్చి, పెట్టెలపై నిర్ణయం చేసేటప్పుడు వాళ్లనూ పిలిచి అడగండి. ఎర్రటి ఎండలో నిలబెట్టి తొందరపెడితే వాళ్ల ఆరోగ్యమూ పోతుంది, మన కాయా నలుగుతుంది.

మంచి పెట్టె వాడితే ధరల సమస్య తీరిపోతుందని మేము అనడం లేదు. మద్దతు ధర లేని పంటకు వెండి పెట్టె చేయించినా గిట్టుబాటు రాదు. ఆ పోరాటం ఆగదు. కానీ చెట్టు నుంచి కాటా దాకా ఉన్న దారిలో మనం పోగొట్టుకుంటున్న ప్రతి కిలో మన చెమటే. అది ఎందుకు పోయిందో మనకు తెలిసి ఉంటే, "వేడికి పోయింది, తరుగు కోస్తాం" అన్నవాడికి "ఎవరి లారీ ఆలస్యం వల్ల పోయింది?" అని ఎదురు అడగగలం.

వచ్చే నెల మొదటి వారంలో ప్రతి గ్రామ శాఖ సమావేశంలో ఈ విషయాన్ని ఎజెండాలో పెట్టండి. ఎన్ని క్రేట్లు కావాలి, ఎవరెవరు కలుస్తారు, లెక్క పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది అన్నది ఆ రోజే తేల్చండి. తీర్మానాలను మండల కమిటీకి పంపండి. కోత మొదలయ్యేలోపు మార్కెట్ యార్డు కార్యదర్శుల చేతికి మన డిమాండ్ పత్రం అందాలి.